చందన్‌నగర్‌లో నన్ను చూసిన రోజు

ఎవరైనా "ఊరికే అలా తిరిగొద్దాం రా" అంటే నాకు ఇప్పటికీ కాళ్లు కదలవు. ఊరికే ఎవరూ ఎక్కడికీ వెళ్లరు. ఎదుటివాళ్ల కడుపులో ఏదో ఒకటి ఉంటుంది, అది బయటపడేదాకా నాకు తిన్నది అరగదు. మొన్న చలికాలంలో మా అబ్బాయి అదే మాట అని నన్ను కారెక్కించాడు. గంగ మీది బాలీ బ్రిడ్జి దాటేదాకా వాడి మొహమే చూస్తూ కూర్చున్నాను. డాక్టరు దగ్గరికా, వీలునామా మాట ఎత్తడానికా, లేక కోడలితో ఏమైనా తగువా అని రకరకాలుగా అడిగాను. వాడు నవ్వి, "చందన్‌నగర్ అమ్మా, నీకిష్టమని" అన్నాడు. ఇష్టమని నేనెప్పుడు చెప్పానట! తీరా చూస్తే నిజంగానే ఊరికే తీసుకొచ్చాడు. గంగ ఒడ్డున బెంచీ మీద నన్ను కూర్చోబెట్టి టీ తేవడానికి వెళ్లాడు. ఆనాటి బెంచీ అదో, దాని పక్కదో గాని, నా జీవితంలో మొదటిసారి నన్ను ఒక మనిషి కళ్లారా చూసింది మాత్రం అక్కడే.

అప్పట్లో మేం హౌరాకి ఎదురొడ్డున ఖిదిర్‌పూర్ రేవు దగ్గర క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాన్న రేవులో క్రేన్ నడిపేవాడు. సాయంత్రం ఇంటికొచ్చాక కిరసనాయిలు గుడ్డతో చేతులకంటిన గ్రీజు తుడుచుకునేవాడు, ఆ తర్వాత సబ్బు. అయినా అన్నం కలుపుతుంటే ఆ వాసన వచ్చేది. మా నాయనమ్మ గుమ్మంలో కూర్చుని అడ్డచుట్ట కాల్చేది. నిప్పున్న కొస నోట్లోనే ఉంచుకుని, పెదవులు కదపకుండా వీధంతటినీ తిట్టగలిగేది. పలాస దగ్గరి పల్లె నుంచి వచ్చి ఎన్నేళ్లయినా ఆవిడకి బెంగాలీ రాలేదు. చేపలమ్మితో శ్రీకాకుళం తెలుగులోనే బేరమాడేది, విచిత్రమేమిటంటే నెగ్గేది కూడా. అమ్మ పోయి అప్పటికి కొన్నేళ్లయింది. ఆవిడ చీరలు ఇనప్పెట్టెలో కలరా ఉండలు వేసి దాచాం. దసరాలకి తీసి ఎండలో ఆరేసి, మళ్లీ మడతలు పెట్టడం నా పని. ఇంట్లో ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు.

మా క్వార్టర్స్ గోడలు అరిటాకు మందం. పక్కింట్లో పోపు పెడితే మాకు తుమ్ములు, ఒకింట్లో మొగుడూ పెళ్లాల మాట నాలుగిళ్లకి వార్త. అందుకే మా వాళ్లలో ఒక ఆచారం పుట్టింది. పెళ్లిచూపులు ఇంట్లో పెట్టేవారు కాదు. పెట్టి, అది కుదరకపోతే క్వార్టర్స్ లైనంతా తెలుస్తుంది, పిల్లకి ఒంక పెట్టేస్తారు. కాబట్టి చూపులు జూలోనో, దక్షిణేశ్వరంలోనో, ఏదో ఒక స్నానఘట్టం దగ్గరో జరిగేవి. రెండు కుటుంబాలు "అనుకోకుండా" ఎదురుపడేవి. "ఓలమ్మ, మీరూ వొచ్చేరేటి!" అని పెద్దవాళ్లు తెగ ఆశ్చర్యపడేవారు. పిల్లకి మాత్రం ముందుగా చెప్పేవారు కాదు. చెబితే బిగుసుకుపోతుందట, తెలియకపోతే సహజంగా ఉంటుందట. మా పక్కింటి రాజ్యాన్ని పులి బోను ముందు చూశారు. పాపం, అది పులిని చూస్తున్నాననుకుని నోరు తెరుచుకు నిలబడింది. మళ్లీ ఎండలు ముదరకముందే పెళ్లి చేసి దాన్ని సోంపేట పంపేశారు, పదో తరగతి పుస్తకాలు నాకిచ్చి వెళ్లింది.

రాజ్యం సంగతి చూశాక ఆడపిల్లలం మేమూ తెలివి మీరాం. చూపుల గుర్తులు ఏమిటో పోగేసి ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం. పండగా పబ్బం లేకుండా తలంటితే అనుమానించాలి. తలకి నూనె వద్దంటే అనుమానించాలి. ఇస్త్రీ బట్టలు తీస్తే, కొత్త చెప్పులు కొంటే, మిఠాయి పొట్లం కొని విప్పకుండా మోసుకు తిరిగితే ఇంక అనుమానం కూడా అక్కర్లేదు. పెద్దవాళ్లలో ఎవరైనా ఉన్నట్టుండి చారిత్రక కట్టడాల మీద ప్రేమ ఒలకబోస్తే, పారిపోవడమే. దొరికిపోయినవాళ్లకి ఉపాయాలు కూడా ఉండేవి. ఒకమ్మాయి నత్తి నటించింది. ఇంకొకతె ఒక కాలు ఈడుస్తూ నడిచింది గాని, ఇంటికి వెళ్లేటప్పుడు ఏ కాలో మరిచిపోయింది.

నేను పదో తరగతి మాధ్యమిక్ పరీక్ష పాసయి పదకొండులో చేరిన ఏడాది అది. ఆ లైన్లో ఆడపిల్లల్లో పదకొండో తరగతి దాకా వచ్చింది నేనే. చదువు మీద ఎంత మమకారమో అంత భయం. ఏ నిమిషాన పుస్తకాలు కట్టగట్టి ఎవరి ఊరికి సాగనంపుతారో అని ఇంటికొచ్చిన ప్రతి చుట్టాన్నీ పోలీసు చూసినట్టు చూసేదాన్ని. నాన్నతో క్రేన్ల మీద పనిచేసే గురువులు మావయ్య వచ్చాడంటే నాకు ఒళ్లు మండేది. లైన్లో సగం పెళ్లిళ్లు ఆయన కుదిర్చినవే. ఆ శీతాకాలం ఆయన తరచుగా రావడం, నేను టీ పట్టుకెళ్లగానే ఇద్దరూ మాట ఆపి ఫుట్‌బాల్ గురించి మొదలుపెట్టడం గమనించాను. నాన్నకి ఫుట్‌బాల్ అంటే గిట్టదు.

ఒక శుక్రవారం నాన్న అన్నం తింటూ, నా వైపు చూడకుండా అన్నాడు. "ఆదోరం చందన్‌నగర్ ఎల్దుం. గంగ ఒడ్డున గాలి బాగుంటాదట."

"ఏటి పని అక్కడ?" అన్నాను.

"పనేటే? పనుంటేనే ఎల్తారేటి మనుసులు? ఊరికే."

తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డికి అన్నట్టుంది. రేవులో రోజంతా గంగ గాలి పీల్చే మనిషికి ఆదివారం నాడు ఇంకో ఊరి గంగ గాలి కావాలట!

"ఎల్లండి, నానూ వస్తాను," అంది నాయనమ్మ. "ప్రెంచోళ్లు ఏలిన ఊరట కాదేటి, మన యానాం లాగ. గుంట కూడా సూస్తాది, సదువుకి పనికొస్తాది." ఆవిడ నోట చదువు మాట నేను వినడం అదే మొదలు.

ఇక గుర్తులు ఒకటొకటే వచ్చాయి. శనివారం నాయనమ్మ పెద్ద బొగ్గుల ఇస్త్రీపెట్టె తీసింది. ఇంట్లో కొత్త చెప్పులు కనిపించాయి. ఆదివారం పొద్దున్న కుంకుడుకాయల వాసన. నాన్న మీసానికి రంగేసుకున్నాడు. పెదవి మీదికి కాస్త కారితే నాయనమ్మ తడిగుడ్డతో తుడుస్తోంది. "తలకి నూని రాసుకోకు, ఇయాల ఆ కైనీ కూడా నమలకు," అని ఆయనకి బుద్ధులు చెబుతోంది. నేను పళ్లు కొరుక్కున్నాను. పిల్ల తండ్రి దర్జాగా కనిపించాలి కదా మరి! పట్టుదలకి పోయి నా జడకి కావాలని ఆముదం పట్టించాను, మోచేతి దగ్గర చిరిగిన స్వెట్టరు వేసుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడం కూడా నాకు ఎత్తుగానే తోచింది.

ఆ రోజు మైదానంలో ఏదో పెద్ద సభ ఉంది. హౌరా స్టేషన్‌కి వచ్చే బళ్లన్నీ ఎర్రజెండాలతో కిటకిటలాడుతున్నాయి, మేం ఎక్కాల్సిన బండేల్ లోకల్ ఖాళీగా ఉంది. "అందరూ ఇటొస్తంటే మనమొక్కలిమే అటెందుకెల్తన్నాం?" అని నాయనమ్మ కూడా అనుమానపడింది. బండి కదిలాక నేను పెట్టెలో ప్రతి కుర్రాణ్నీ పరీక్షగా చూశాను. పేపరు చదువుతున్నవాడు పేజీ తిప్పడం లేదు, వాడేనా? ఉత్తర్‌పారాలో దిగిపోయాడు. ఎదురుగా కూర్చున్నావిడ నన్ను చూసి నవ్వింది. నేను నవ్వలేదు.

చందన్‌నగర్ బాగుందని ఒప్పుకోవడానికి ఆ రోజు నాకు మనసు రాలేదు. బాగుందని మాత్రం అప్పుడే తెలుసు. రిక్షా సందుల్లోంచి వెళ్లి ఒక్కసారిగా గంగ ముందు బయటపడింది. మా రేవు దగ్గర గంగ అంటే నూనె తెట్టూ, ఓడల కూతలూ. ఇక్కడ అదే నీరు వెడల్పుగా, తీరిగ్గా వెళుతోంది. ఒడ్డు పొడుగునా రాతి బాట, చెట్లు, బెంచీలు, స్తంభాల మండపం, దాని కింద మెట్లు. జంట గోపురాల చర్చిలోకి వెళ్లాం. రంగు అద్దాల్లోంచి పడిన వెలుగు నాయనమ్మ తెల్లచీర మీద ఎర్రగా, నీలంగా పడితే ఆవిడ ఉలిక్కిపడి చీర దులుపుకుంది. దొరల మేడలో పెట్టిన మ్యూజియం చూశాం. నాన్న ప్రతి కుర్చీ ముందూ ఆగి, "అబ్బో, ఎంత పాతదో!" అనేవాడు. అంటూ గోడగడియారం చూసేవాడు. కింది అంతస్తు నది మట్టానికే దిగిపోయిన మేడ ఒకటి ఉంటే దాన్నీ చూపించారు. పోటు వస్తే ఆ గదుల్లోకి నీళ్లొస్తాయట. మనుషులు అలాంటి ఇల్లు ఎందుకు కట్టుకుంటారో నాకు అర్థం కాలేదు.

అసలు దెబ్బ మిఠాయి కొట్టు దగ్గర తగిలింది. నాన్న ఆ ఊరి ప్రసిద్ధమైన సందేశ్ ఒక పెట్టె కొన్నాడు. తాటిముంజె ఆకారం, కొరికితే లోపల్నుంచి పన్నీటి పాకం చిందుతుంది. కొట్టువాడు దాని కథ కూడా చెప్పాడు. పూర్వం ఒక జమీందారింట్లో కొత్తల్లుణ్ని ఏడిపించడానికే దీన్ని చేశారట, కొరకగానే అల్లుడి బట్టలన్నీ పాకమైపోయాయట. "జామాయ్ ఠకానో మిష్టి," అని నవ్వాడు. అల్లుణ్ని బురిడీ కొట్టించే మిఠాయి! పెట్టెకి దారం కట్టించి, నాన్న విప్పకుండా చేత్తో పట్టుకున్నాడు. నాకింక ఏ సందేహమూ మిగల్లేదు.

మండపం దగ్గరికి వచ్చేసరికి గురువులు మావయ్య ప్రత్యక్షమయ్యాడు. "ఓలమ్మ ఓలమ్మ! మీరూ వొచ్చేరేటి! ఏటి ఇచిత్రం!" అని చేతులు చాపాడు. జూలో రాజ్యం ముందు కూడా సరిగ్గా ఇలాగే చాపి ఉంటాడు. ఆయన వెనక పొడుగ్గా ఒక యువకుడు, అతని పక్కన అతని అక్కట, నేత చీర కట్టుకున్న సన్నటి మనిషి. పేరు సావిత్రి, అక్కడి జూట్ మిల్లు లైన్లలో మన పిల్లలకి ఒకటో తరగతి చెబుతుందని మావయ్య చెప్పాడు. అక్క కూడా వచ్చిందంటే ఆడపడుచు చూపు కూడా దాటాలన్నమాట అనుకున్నాను. నత్తి నటించాలా, కాలు ఈడ్వాలా? రెండూ కాదు. ఎదురుదాడే మేలనిపించి, తిన్నగా ఆ కుర్రాడి ముందుకెళ్లి నిలబడ్డాను.

"ఏటి పని చేస్తావు?"

అతను తడబడ్డాడు. "మిల్లులో... స్పిన్నింగులో."

"మిల్లు తాళాలేసీసేరన్నారు?"

"తీసేరు. మళ్లీ ఎప్పుడేస్తారో తెల్దు."

"బీడీలు కాలుస్తావా?"

"నీకెందుకమ్మా?"

"ఆడపిల్ల కాలేజీకి ఎల్తానంటే ఏటంటావు?"

అతను నిస్సహాయంగా అక్క వైపు చూశాడు. "ఏటప్పా ఇది? నాకు పెళ్లయిపోనాది కాదేటి! కొడుకు కూడా పుట్టేడు," అన్నాడు. గురువులు మావయ్యకి దగ్గొచ్చింది. నాయనమ్మ గంగ వైపు తిరిగిపోయింది. ఆ కుర్రాడు బఠాణీలు కొనుక్కొస్తానని చెప్పి, దొరికిందే సందన్నట్టు అక్కణ్నుంచి తప్పుకున్నాడు.

నేను చుట్టూ చూశాను. ఇంకెవరూ లేరు. అప్పుడు మా నాన్నని చూశాను. ఇస్త్రీ చొక్కాలో, కొత్త చెప్పుల్లో, మిఠాయి పెట్టె ఒళ్లో పెట్టుకుని బెంచీ చివర బిగుసుక్కూర్చున్నాడు. తలంటుకున్న జుట్టు గాలికి లేస్తోంది. మీసం నల్లగా నిగనిగలాడుతోంది. తేలు కుట్టిన దొంగలా నావైపు చూసి తల దించుకున్నాడు. పొద్దుటి నుంచీ నేను లెక్కపెట్టుకున్న గుర్తులన్నీ ఆయన మీద ఉన్నాయి. నా తలకి పెట్టిన ఆముదం నేను పెట్టుకున్నదే.

ఆ క్షణంలో కలిగిన కోపం నాకు ఇంకా గుర్తుంది. నన్ను పంపేస్తారేమోనని ఇన్నాళ్లూ కాపలా కాశాను. పెట్టెలో చీరలకి కాపలా కాశాను. వీళ్లేమో అమ్మ స్థానంలోకే మనిషిని తెస్తున్నారు. ఏడుపొచ్చింది. నలుగురిలో ఏడవడం ఇష్టంలేక గబగబా మెట్లు దిగి నీళ్ల దగ్గర నిలబడ్డాను. నాన్న లేవబోతే, "మీరు కూకోండి," అని ఆ సావిత్రి అనడం వినిపించింది. తర్వాత ఆవిడ అడుగులు.

నా పక్క మెట్టు మీద కూర్చుంది. నన్ను కూర్చోమనలేదు. కాసేపు ఇద్దరం అవతలి ఒడ్డున మిల్లు గొట్టాలు చూశాం.

"మీ నాన్నని నాను ఇదివరకే సూసేను," అంది. "గురువులు గారు స్టేషన్లో సూపించేరు. ఈపాలి నిన్ను సూడాలని నానే అడిగేను."

"నన్నెందుకు?"

"ఆయన పొద్దున్న ఎల్తే సాయంత్రం వొస్తారు. ఇంట్లో ఉండీది నువ్వూ నానూ."

ఇలాంటి తియ్యటి మాటలకి పడకూడదని నేను గట్టిపడ్డాను. మళ్లీ ప్రశ్నలు మొదలుపెట్టాను. "మా అమ్మ చీరలు కట్టీసుకుంటావా?"

"కట్టుకోను. అవి నీవి."

"వంట బాగా చేస్తావేటి?"

"బాగా చెయ్యను. మా నాన్నకి పక్షవాతం. ఆయన పోయేదాకా గంజీ జావలే కాసేను. పులుసులూ అయ్యీ నాకు కుదరవు."

"మరి నా చదువు?"

"నాను బడి మానను. నాను మానకుండా నిన్నెలగ మానమంతాను?"

అబద్ధమాడే మనిషయితే వంట వచ్చని చెప్పేది. అది నాకు తట్టింది గాని, తట్టినంత మాత్రాన ఒప్పుకుంటానా? అప్పుడు ఆవిడ గొంతు తగ్గించి అంది. "నీకొద్దంటే ఇక్కడే చెప్పీ. నాను పైకెళ్లి, నాకే మీ నాన్న నచ్చలేదని చెప్తాను. నీ పేరు రాదు. ఎవలూ నిన్నేటీ అనరు."

మొన్న బెంచీ మీద కూర్చుని ఆ మాట గురించే ఆలోచించాను. ఇప్పుడా ఒడ్డున రంగురంగుల దీపాలు పెట్టారు. కుర్రాళ్లు స్తంభాలకి ఆనుకుని ఫొటోలు తీసుకుంటున్నారు. మా రోజుల్లోలా పిల్లకి తెలియకుండా చూసే దొంగచూపులు పోయాయి. ఇప్పటి పిల్లలు ఫోన్లలో ముందే అన్నీ చూసుకుని, అడిగి, కాదనుకుని, మళ్లీ వెతుక్కుంటున్నారు. మంచిదే, నేను సణగను. కానీ నిరుడు మా బిల్డింగులో భార్య పోయిన ఒకాయన మళ్లీ పెళ్లి చేసుకుని, ఆవిణ్ని కూతురి పుట్టినరోజు నాడు కేకుతో పాటు తెచ్చి, "సర్‌ప్రైజ్!" అన్నాడు. ఆ పిల్ల మొహం చూసి నేను కేకు తినకుండా వచ్చేశాను. అన్నీ మారిన కాలంలో ఇది మాత్రం మారలేదు. ఇంటికి మనిషిని తెచ్చేటప్పుడు, ఆ ఇంట్లో ఉన్న పిల్లనీ ఒక మాట అడగాలని ఎవరికీ తోచదు. ఖిదిర్‌పూర్ లైన్లో అంతమంది పెళ్లిళ్లు చూశాను, సవతి తల్లుల్నీ చూశాను. వద్దంటే వెళ్లిపోతాను, నింద నేనే మోస్తాను అన్న మనిషి నాకు ఈ ఒక్కతే కనిపించింది. సావిత్రి పిన్ని పోయి ఏడాది దాటింది. అప్పట్నుంచి నేను ఎక్కడికీ కదలడం లేదని మా అబ్బాయి కనిపెట్టాడు, అదీ సంగతి. ఆవిడ ఉన్నన్నాళ్లూ పులుసు కుదరలేదు. నేను కాలేజీకి వెళ్లాను, ఆ తర్వాత ఉద్యోగానికీ వెళ్లాను. ఇద్దరం చాలాసార్లు పోట్లాడుకున్నాం గాని, ఏ పోట్లాటలోనూ ఆవిడ ఆ మెట్ల మీది మాట ఎత్తి నన్ను దెప్పలేదు.

ఆ రోజు నేను ఆవిడకి సరేనని చెప్పలేదు. ఎదురుగా ఒక పడవ దాటిపోయింది, దాని అలలు వచ్చి మెట్టుకి తగిలాయి, ఆవిడ కాళ్లు వెనక్కి తీసుకోలేదు. తడిసిన చీర అంచు పిండుకుంటూ నా జవాబు కోసం ఎదురుచూస్తోంది. తొందరపెట్టలేదు. పైన నాన్న లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు. నేను గొంతు సవరించుకుని, ఎంత విసురుగా వీలైతే అంత విసురుగా అన్నాను.

"మా లైన్లో కొళాయి తెల్లారగట్లే వస్తాది. బేగి లెగాలి. ఆలీసమైతే నీళ్లుండవు."

సావిత్రి పిన్ని నా ఆముదం జడ వంకా, చిరిగిన స్వెట్టరు వంకా ఒకసారి చూసింది.

"లెగుస్తాను," అంది. "ఓ బిందె నువ్వూ పట్టాల మరి."